కడప ఎండలో ఒక బెట్టా చేప: నా అనుభవం

కడపలో బెట్టా చేపను (ఫైటర్ ఫిష్ అంటారే, అదే) పెంచాలనుకునేవాళ్ళు హీటర్ కంటే ముందు మే నెల గురించి ఆలోచించాలి. ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో ఎక్కువ భాగం చలి దేశాలవాళ్ళు రాసినవి. తొట్టి కొన్నాక వెంటనే హీటర్ కొనండి అంటాయి. మన దగ్గర ఏడాదిలో చాలా నెలలు నీళ్ళు వాటంతట అవే వెచ్చగా ఉంటాయి. ఎండాకాలంలో ఆ వేడిని తగ్గించలేక మనం తల పట్టుకుంటాం. దానికి తోడు సున్నం ఎక్కువున్న గట్టి బోరు నీళ్ళు. ఈ రెండిటితో మేం ఎట్లా నెట్టుకొస్తున్నామో రాస్తే ఇక్కడివాళ్ళకు పనికొస్తుందని మొదలుపెట్టాను.

మేం ఆ చేపను కొనలేదు. బంధువుల ఇంట్లో పిల్లవాడి పుట్టినరోజుకు వెళ్తే, వచ్చిన పిల్లలందరికీ రిటర్న్ గిఫ్టుగా తలా ఒక బెట్టా ఇచ్చారు. మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా, అందులో అర గ్లాసు నీళ్ళు, నీలం రంగు మగ చేప, రంగురాళ్ళు నాలుగు. పెన్సిల్ బాక్సులు ఇచ్చినట్టే ఇచ్చారు. మా పాప కారులోనే దానికి బుడ్డోడు అని పేరు పెట్టేసింది. పేరు పెట్టాక ఇంక వెనక్కి ఇచ్చేదేముంది?

డబ్బా మీద ఏ అంగడిదో స్టిక్కర్ ఉంది. మర్నాడు సాయంత్రం మేత కొనడానికి అక్కడికే వెళ్ళాను. గోడంతా అట్లాంటి డబ్బాలే. చేపలు ఒకదాన్నొకటి చూసి రెచ్చిపోకుండా డబ్బాకీ డబ్బాకీ మధ్య అట్టముక్కలు పెట్టారు. తొట్టి ఎంతది కావాలని అడిగితే అంగడి అబ్బాయి నవ్వాడు. “అక్కా, ఇది పైకొచ్చి గాలి పీల్చుకునే చేప. దీనికి తొట్టెందుకు? గ్లాసులో ఏసినా బతుకుతాది. దాని దేశంలో గేదె గిట్ట గుంతల్లో ఉంటాదంట.”

ఆ మాటలో సగం నిజమే. బెట్టాకు మొప్పలతో పాటు తలలో లాబిరింత్ అనే ఇంకో అవయవం ఉంది. దాంతో అది నీటి పైకి వచ్చి గాలి మింగి, అందులోని ఆక్సిజన్ తీసుకుంటుంది. పైకి రానివ్వకపోతే నీళ్ళలోనే ఊపిరాడక చచ్చిపోవచ్చు కూడా. గ్లాసులో బతకడానికి కారణం ఇదే. అయితే గాలి సమస్య తీరినంత మాత్రాన దాని మలమూత్రాలు ఎక్కడికీ పోవు. మొప్పల నుంచి వచ్చే అమ్మోనియా ఆ అర గ్లాసులోనే ఉంటుంది. వేరే చేప అయితే ఆ నీళ్ళలో గంటల్లో తేలిపోయేది. ఇది రోజులు, వారాలు లాగుతుంది. చావకపోవడాన్ని సుఖంగా ఉండటం అనుకుంటున్నాం, అంతే.

గిట్ట గుంత కథ సంగతీ చూద్దాం. బెట్టా సొంత ఊరు థాయ్‌లాండ్, దాని చుట్టుపక్కల దేశాలు. అక్కడి చిత్తడి నేలల్లో, పారుదల తక్కువ ఉన్న కాలువల్లో, వరి మళ్ళలో ఉంటుంది. కేసీ (కర్నూలు-కడప) కెనాల్ కింద వరి మడి చూసినవాళ్ళెవరికైనా తెలుసు, నీళ్ళు పిక్కల దాకా కూడా రావు, నిజమే. కానీ ఎకరాల పొడవునా ఉంటాయి. లోతు తక్కువైనా పక్కలకు బోలెడు చోటు. పైరు చాటు, గడ్డి నీడ, పురుగులు, దోమ పిల్లలు, కోపమొస్తే పారిపోవడానికి పక్క మడి. నీళ్ళు ఇంకిపోయిన కాలంలో గుంతల్లో ఇరుక్కుంటే ఇరుక్కోవచ్చు. అది దాని ఇల్లు కాదు, కష్టకాలం. థాయ్‌లాండ్ 2019లో ఈ చేపను తమ జాతీయ జలచరంగా ప్రకటించుకుంది. మనం దాన్ని పెన్సిల్ బాక్సు చేశాం.

నేను డయాగ్నస్టిక్ ల్యాబులో టెక్నీషియన్‌ని. నీళ్ళు, చుక్కలు, రంగు మారడం, రీడింగు రాసుకోవడం నాకు రోజూ ఉండే పనే. అందుకేనేమో చేప కంటే ముందు దాని నీళ్ళ మీద నాకు ఆసక్తి పుట్టింది. మా ఆయన మాత్రం “ఒక చేప కోసం ల్యాబ్ పెడతావా ఏంది?” అన్నాడు. పెట్టాను.

తొట్టి రెడీమేడ్‌గా కొనలేదు. గాజు పని చేసే అతని దగ్గర చేయించాం. ఒకటిన్నర అడుగు పొడవు, అడుగు వెడల్పు, పది అంగుళాల ఎత్తు. నిండా పోస్తే ముప్ఫై నాలుగు లీటర్ల దాకా పడుతుంది, పైన కాస్త వదిలితే ముప్ఫై లోపు. ఒక్క బెట్టాకు కనీసం పది లీటర్లని కొందరు, ఇరవై అని ఎక్కువమంది చెప్తారు. నేను ఇరవై దగ్గర మొదలుపెట్టమంటాను. కారణం మన వేడి. చిన్న తొట్టిలో నీళ్ళు మధ్యాహ్నానికి సర్రున కాగి రాత్రికి చల్లారతాయి. నీళ్ళు ఎక్కువ ఉంటే ఆ ఎగుడుదిగుడు తగ్గుతుంది. ఎత్తు కంటే పొడవు ముఖ్యం, ఎందుకంటే బెట్టా మాటిమాటికీ పైకి రావాలి, ఆ పెద్ద రెక్కలు ఈడ్చుకుంటూ లోతు నుంచి ఎక్కడం దానికి శ్రమ.

తొట్టిని హాల్లో గోడలోకి కట్టిన బండ అల్మరాలో పెట్టాం. కడప ఇళ్ళకు ఆ సదుపాయం ఉంది, బండ షెల్ఫు బరువుకు వంగదు. కింద ఒక థర్మకోల్ షీటు వేశాం, గాజుకూ బండకూ మధ్య చిన్న ఇసుక రేణువు ఉన్నా అద్దం పగులుతుందని గాజు అతను గట్టిగా చెప్పాడు. పైన మూతగా సన్న జాలీ ఫ్రేము. బెట్టా ఎగిరి దూకుతుంది, ఈ విషయంలో దాన్ని నమ్మడానికి లేదు.

అలంకరణ విషయంలో మా చిన్నాయనతో చిన్న గొడవ అయింది. ఆయన ఎర్రగుంట్ల వైపు బండల పాలిష్ యూనిట్లో పని చేస్తాడు. చేప దాక్కోవడానికి గుహ కడదామని నున్నగా పాలిష్ పట్టిన నల్ల కడప బండ ముక్కలు సంచిలో మోసుకొచ్చాడు. చూడ్డానికి ఎంత బాగున్నాయో! కానీ కడప బండ సున్నపురాయి జాతి. వంటగట్టు మీద నిమ్మకాయ కోసి తుడవకుండా వదిలేస్తే తెల్ల మచ్చ పడటం మన ఇళ్ళల్లో అందరూ చూసిందే. పులుపుకు కరిగేది నీళ్ళలో కూడా కొద్దికొద్దిగా కరుగుతుంది. అసలే గట్టి నీళ్ళు, అందులో ఇంకా సున్నం కలుపుకోవడం ఎందుకు? “ఈ బండ మీద ఊరంతా అన్నం వండుకుంటాంది, నీ చేపకు పనికి రాలేదా?” అని ఆయన అలిగాడు. ఒక ముక్క మీద ల్యాబులోని పలుచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేసి నురగ రావడం చూపించాక ఊరుకున్నాడు. ఏ రాయైనా తొట్టిలో వేసేముందు ఇట్లా చూసుకోవచ్చు. యాసిడ్ లేకపోతే నిమ్మరసం పిండి కాసేపాగి చూడాలి. నురగ లేకపోయినా మచ్చ పడిందంటే వద్దు.

చివరికి గుహ స్థానంలో రంగు వేయని చిన్న మట్టి కుండీ పడుకోబెట్టాం. అంచులు ఉప్పుకాగితంతో రుద్దాం. అడుగున బాగా కడిగిన గులకరాళ్ళు, అవి కూడా పరీక్ష పాసైనవే. మొక్కలు ప్లాస్టిక్‌వి వద్దని ముందే అనుకున్నాం. వాటి కొసలు బెట్టా రెక్కల్ని చీరేస్తాయి. పరీక్ష సులువు, పాత నైలాన్ సాక్సును మొక్క మీద లాగి చూడండి, దారం పట్టుకుంటే రెక్క కూడా పట్టుకుంటుంది. అనుబియాస్, జావా ఫెర్న్ అనే రెండు రకాల మొక్కలు తెచ్చుకున్నాం. రెండిటికీ ఎక్కువ వెలుతురు అక్కర్లేదు, మట్టీ అక్కర్లేదు, రాయికి దారంతో కట్టేస్తే చాలు. అనుబియాస్ ఆకు ఒకటి నీటి మట్టానికి దగ్గరగా ఉండేట్టు కట్టాం. బుడ్డోడు దాని మీదే పడుకుంటాడు. చచ్చిపోయాడని మా పాప మొదట్లో ఎన్నిసార్లు ఏడ్చిందో చెప్పలేను.

ఇక నీళ్ళు. అసలు కథ ఇదే.

మా బోరు నీళ్ళ టీడీఎస్ (నీళ్ళలో కరిగిన ఉప్పుల లెక్క) వెయ్యికి దగ్గర, పీహెచ్ (పులుపు, క్షారం కొలిచే అంకె, ఏడు దాటితే క్షారం) ఎనిమిది పైన. బకెట్ల చుట్టూ తెల్ల చార కట్టే నీళ్ళు. మునిసిపల్ కుళాయి నీళ్ళు కాస్త నయం, కానీ వచ్చే వేళ మన చేతిలో ఉండదు, క్లోరిన్ ఒకటి. ఇంకోవైపు ఇంటికి వేసే ఇరవై లీటర్ల క్యాన్ నీళ్ళు ఉన్నాయి. అవే తొట్టి నిండా పోద్దామని మా ఆయన అన్నాడు. అవి ఆర్వో మిషన్లో వడపోసిన నీళ్ళు, వాటిలో ఖనిజాలు దాదాపు ఉండవు, దాంతో పీహెచ్ నిలకడగా ఉండదు, ఒక్కసారిగా పడిపోవచ్చు. మనకు బావుండే నీళ్ళు చేపకూ బావుంటాయని కాదు. తొట్టెల్లో పుట్టి పెరిగిన బెట్టాలు మోస్తరు గట్టి నీళ్ళకు అలవాటు పడతాయి. వాటికి ప్రమాదమల్లా నీళ్ళు ఇవాళొక రకం, రేపొక రకం ఉండటం. అందుకని క్యాన్ నీళ్ళు రెండు పాళ్ళు, బోరు నీళ్ళు ఒక పాలు కలిపి, టీడీఎస్ మూడు వందల చిల్లర దగ్గర స్థిరం చేసుకున్నాం. అప్పటి నుంచి అదే పాళం. కుళాయి నీళ్ళు వాడేవాళ్ళు యాంటీ క్లోరిన్ చుక్కలు వేసుకోవాలి, అది థయోసల్ఫేట్, అంగళ్ళలో చవగ్గా దొరుకుతుంది.

పీహెచ్ గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం అమ్మోనియా. చేప వదిలే అమ్మోనియా నీళ్ళలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి దాదాపు హాని లేని అమ్మోనియం, రెండోది మొప్పల్ని కాల్చే అసలు అమ్మోనియా. 25 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7 ఉంటే ఆ విషపు భాగం నూటికి ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే నూటికి ఐదు దాటుతుంది. నీళ్ళు 30 డిగ్రీలకు చేరితే ఏడు దాటుతుంది. అంటే చల్లటి, మెత్తటి నీళ్ళున్న ఊళ్ళో నడిచిపోయే నిర్లక్ష్యం కడపలో నడవదు. అక్కడివాళ్ళు వారానికోసారి మార్చే గాజు గిన్నె నీళ్ళు ఇక్కడ ఎండాకాలంలో రెండో రోజుకే విషం. బెట్టాలు ఊరికే చచ్చిపోతుంటాయి, వాటి ఆయుష్షే అంత అని అంగడివాళ్ళు అంటుంటారు. సరిగ్గా చూసుకుంటే రెండు నుంచి నాలుగేళ్ళు బతికే చేప అది.

ఈ అమ్మోనియాను తినే బాక్టీరియా తొట్టిలో స్థిరపడాలి. నైట్రోసోమోనాస్ జాతివి అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి, అదీ విషమే. నైట్రోస్పైరా జాతివి నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి, అది తక్కువ హాని చేస్తుంది, వారం వారం నీళ్ళు మార్చి తీసేయొచ్చు. ఈ ఏర్పాటు కుదరడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు. అన్నాళ్ళు ఖాళీ తొట్టి ముందు కూర్చోవాలి. రోజూ చిటికెడు మేత వేసి కుళ్ళనివ్వాలి, చుక్కల కిట్టుతో అమ్మోనియా, నైట్రైట్ చూసుకోవాలి. రెండూ సున్నాకు వచ్చి, నైట్రేట్ కనపడిన రోజున తొట్టి సిద్ధమైనట్టు.

ఈలోపు బుడ్డోడు ఎక్కడ ఉండాలి? కొత్త తెల్ల ప్లాస్టిక్ టబ్బు ఒకటి కొని, పదిహేను లీటర్లు పోసి అందులో ఉంచాం. రోజూ మూడో వంతు నీళ్ళు తీసి అదే పాళంలో కలిపిన కొత్త నీళ్ళు పోయడం. విసుగు పుట్టే పని, అయినా తప్పదు. మా పాప రోజూ స్కూలు నుంచి వస్తూనే “రంగు మారిందా?” అని కిట్టు గొట్టాలు వెలుతురుకు పెట్టి చూసేది. ఆ పరీక్షా గొట్టాల దగ్గర నేర్చుకున్నంత కెమిస్ట్రీ దాని పుస్తకంలో ఉండదు. మీకు తెలిసినవాళ్ళ దగ్గర ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టి ఉంటే, వాళ్ళ ఫిల్టర్ స్పాంజి ముక్క అడిగి తెచ్చుకోండి. బాక్టీరియా దాంతోపాటే వస్తుంది, సగం కాలం కలిసొస్తుంది.

ఫిల్టర్ అంటే గుర్తొచ్చింది. ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్ చాలు. మోటారు ఫిల్టర్లు నీళ్ళను జోరుగా తోస్తాయి, ఆ పెద్ద రెక్కలతో బెట్టా ఎదురీదలేదు. పంపును నీటి మట్టం కంటే పైన పెట్టండి, లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్ళు పైపులో వెనక్కి నడిచి పంపులోకి, అక్కడి నుంచి నేల మీదికి వస్తాయి.

మార్చి చివరికల్లా మా మేడ మీది ఇంట్లో తొట్టి థర్మామీటర్ 30 దాటింది. ఏప్రిల్‌లో మధ్యాహ్నం పూట 33. బెట్టాకు 24 నుంచి 28 డిగ్రీలు హాయి. 30 దాకా ఓర్చుకుంటుంది. అంతకంటే పైన వారాల తరబడి ఉంటే దాని ఒంట్లో పనులన్నీ పరుగెత్తుతాయి, తొందరగా ముసలిదైపోతుంది, రోగాలు అంటుకుంటాయి. వేడి నీళ్ళలో ఆక్సిజన్ కూడా తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాముల పైన కరిగేది, 33 దగ్గర 7కు కాస్త పైన మాత్రమే కరుగుతుంది. బెట్టా పైన గాలి మింగి సర్దుకుంటుందనుకున్నా, స్పాంజిలోని బాక్టీరియాకు ఆ వీలు లేదు.

ఐస్ ముక్కలు వేయమని చాలామంది చెప్పారు. ఒక గంటలో నాలుగు డిగ్రీలు పడి, మళ్ళీ మూడు గంటల్లో ఐదు డిగ్రీలు ఎక్కితే అది వేడి కంటే కీడు. మాకు పనికొచ్చింది ఫ్యాను. పాత కంప్యూటర్లు బాగుచేసే అంగట్లో చిన్న డీసీ ఫ్యాను తీసుకుని, జాలీ మూత మీద ఏటవాలుగా బిగించి, నీటి పైభాగం మీదుగా గాలి వీచేట్టు పెట్టాం. మంచినీళ్ళ కుండ చల్లబడే పద్ధతే ఇది, నీళ్ళు ఆవిరవుతూ వేడిని పట్టుకుపోతాయి. 33 కాస్తా 29కి దిగింది. మా చెల్లెలు నెల్లూరులో ఇదే ప్రయత్నిస్తే డిగ్రీ కూడా సరిగ్గా తగ్గలేదు, అక్కడి గాలిలో ఉక్క ఎక్కువ. మన పొడి ఎండ ఇంత మేలు చేస్తుందని నేననుకోలేదు.

ఫ్యానుకు ఒక ఖరీదు ఉంది. రోజుకు లీటరు దాకా నీళ్ళు ఆవిరైపోతాయి. ఆవిరయ్యేది నీరే, అందులోని ఉప్పులు తొట్టిలోనే మిగులుతాయి. కాబట్టి తగ్గిన నీళ్ళ చోట బోరు నీళ్ళు గానీ కలిపిన నీళ్ళు గానీ పోయకూడదు, ఉత్త క్యాన్ నీళ్ళే పోయాలి. లేకపోతే మే చివరికల్లా తొట్టి నీళ్ళలో ఉప్పులు బాగా పేరుకుపోతాయి. వారానికోసారి పావు వంతు నీళ్ళు మార్చేటప్పుడు మాత్రం మామూలు పాళం. ఇంకో మాట, పగటి పూట మేడ మీది సింటెక్స్ ట్యాంకు నుంచి వచ్చే నీళ్ళు చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. తెల్లవారుజామున పట్టుకుని, బకెట్లో మూతపెట్టి ఇంట్లో ఉంచి, తొట్టి నీళ్ళతో సమానంగా వచ్చాకే వాడాలి.

డాబా మీద సున్నం వేయించడం, తొట్టి లైటును సాయంత్రం రెండు మూడు గంటలకే పరిమితం చేయడం, కిటికీకి గోనెపట్టా తడిపి కట్టడం కూడా చేశాం. అవి చేప కోసం మొదలై మనుషులకూ పనికొచ్చాయి. కరెంటు పోతే పవర్ బ్యాంకుకు తగిలించే చిన్న యూఎస్‌బీ పంపు ఒకటి ఉంచుకున్నాం.

చలికాలానికి వస్తే, డిసెంబరు, జనవరి రాత్రుళ్ళు కడపలో కూడా ఇరవై లోపలికి పోతాయి, తొట్టి నీళ్ళు 22 దగ్గరికి దిగుతాయి. బుడ్డోడు కదలడం మానేసి మూలకు చేరతాడు. ఆ కొద్ది వారాలకే 50 వాట్ల హీటర్, 26 మీద పెడతాం. నీళ్ళు తీసేముందు దాని ప్లగ్ పీకాలి, గాలిలో కాగితే గాజు పగులుతుంది. హీటర్ గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

మేత దగ్గర ఇంట్లో అందరూ దాతలే. మా అత్త బొరుగులు వేయబోయింది, మా మరిది ఇడ్లీ ముక్క వేయబోయాడు. బెట్టా పురుగులు తినే చేప, అన్నం జాతి దానికి అరగదు. దాని పొట్ట చాలా చిన్నది. బెట్టా మేత గింజలు పూటకు మూడు నాలుగు, రెండు పూటలా, వారంలో ఒకరోజు పస్తు. మిగిలింది నీళ్ళలో కుళ్ళితే మళ్ళీ అమ్మోనియా. దానికి నిజమైన విందు దోమ పిల్లలు. డాబా మీద చిన్న గిన్నెలో నీళ్ళు పెడితే రెండు మూడు రోజుల్లో గిలగిలలాడుతూ తయారు. అయితే దీన్ని వదిలేస్తే మన చేతులారా డెంగీ దోమల్ని పెంచినట్టే. గిన్నెను రోజూ జల్లెడతో వడకట్టి, శుక్రవారం ఫ్రైడే డ్రైడే అంటూ ఆశా కార్యకర్త వచ్చేలోపు బోర్లించేస్తాను. ఒకసారి ఆమె అడిగితే చేపను చూపించాను. “కాలువల్లో మేమేసే గంబూసియా చేపల మాదిరేనా మేడం?” అంది. దోమ పిల్లల్ని తినే పని అదే, కానీ దీన్ని బుగ్గవంకలోనో పెన్నాలోనో వదలకూడదని చెప్పాను. పెంచలేకపోతే ఇంకొకరికి ఇవ్వాలి గానీ మన వాగుల్లోకి వేరే దేశపు చేపను వదలడం సరికాదు.

“పాపం, ఒక్కటే ఉండాది. జతకు ఇంకోదాన్ని తెచ్చి ఎయ్యకూడదా?” అని మా అత్త చాలాకాలం అడిగింది. మనుషుల ప్రేమ అట్లాగే ఉంటుంది, మనకు ఒంటరితనం బాధ కాబట్టి దానికీ బాధే అనుకుంటాం. రెండు మగవాటిని కలిపితే రెక్కలు చీరుకుంటాయి, చిన్న తొట్టిలో ఓడింది పారిపోవడానికి చోటుండదు. ఆడదాన్ని తెచ్చినా గుడ్లు పెట్టే ఆ కొద్దిసేపు తప్ప తరిమి తరిమి కొడుతుంది. తరతరాలుగా పందేల కోసం పోట్లాటకే ఎంచి పెంచిన జాతి ఇది. నీళ్ళ పైన బుడగల గూడు కట్టినప్పుడు “చూడు, పెళ్ళాం కోసం ఇల్లు కడతాంది” అని మళ్ళీ మొదలుపెట్టింది. మగ బెట్టా ఈడుకొస్తే ఆడది లేకపోయినా గూడు కడుతుంది. గూడు కట్టింది కాబట్టి సంతోషంగా ఉంది అనీ చాలామంది రాస్తారు, దాన్ని నేను పెద్దగా నమ్మను. మురికి డబ్బాల్లో కూడా గూళ్ళు చూశాను. తినడం, ఈదడం, మనిషి వస్తే ముందుకు రావడం, రెక్కలు విప్పారి ఉండటం, నేను చూసుకునేవి ఇవి. ఇంటికొచ్చే పిల్లలు సెల్‌ఫోన్ అద్దంలా పెట్టి దాన్ని రెచ్చగొడుతుంటే ఒక నిమిషం ఆగి ఫోన్ లాక్కుంటాను.

డబ్బాలో ఉన్నప్పుడే దాని తోక అంచులు చీలికలై నల్లబడి ఉన్నాయి. మందుల పేర్లు చాలామంది చెప్పారు. శుభ్రమైన నీళ్ళు, వాటిలో ఎండిన బాదం ఆకు తప్ప నేను ఏమీ వాడలేదు. మన వీధుల్లో ఉండే బాదం చెట్టే, ఎర్రబడి రాలిన ఆకు. మందు కొట్టని చెట్టుదై, రోడ్డు దుమ్ము లేనిదై ఉండాలి. కడిగి, ఎండబెట్టి ఒకటి వేస్తే టానిన్లు (ఆకులోని వగరు) దిగి నీళ్ళు లేత గోధుమ రంగుకు మారతాయి, పీహెచ్ కొద్దిగా తగ్గుతుంది. తోక అంచున పారదర్శకంగా కొత్త పొర రావడం కొన్ని వారాల్లో కనిపించింది. ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలొస్తే మాత్రం ఆకుతో కాలక్షేపం చేయకూడదు, అది పరాన్నజీవి, దానికి మందు వేయాల్సిందే.

అంగడి అబ్బాయితో తర్వాత కూడా మాట్లాడాను. 1960 నాటి జంతు హింస నివారణ చట్టంలో మనిషి తప్ప ప్రాణమున్న ప్రతిదీ జంతువే, కదలడానికి వీల్లేనంత చిన్న పంజరంలో గానీ పాత్రలో గానీ దాన్ని ఉంచడం పదకొండో సెక్షన్ కింద నేరం అని చెప్తే “చేపకు కూడానా అక్కా?” అని నోరు తెరిచాడు. అతని ఇబ్బందీ అబద్ధం కాదు. కలిపి ఉంచితే చంపుకుంటాయి, ఒక్కోదానికి ఒక్కో తొట్టి పెడితే అంగడి చాలదు. రోజూ నీళ్ళు మార్చమని, రిటర్న్ గిఫ్టులకు వందల లెక్కన అమ్మొద్దని అడిగాను. మొదటిది చేస్తున్నాడు. రెండోది “సీజన్ కదక్కా” అని దాటేశాడు. అతనికంటే నాకు కోపం పుట్టినరోజు చేసేవాళ్ళ మీదే ఉంది. ఆ రోజు డబ్బాలు తీసుకెళ్ళిన ఇళ్ళకు ఫోన్ చేసి అడిగితే, ఎక్కువ ఇళ్ళల్లో అప్పటికే చేప లేదు. ఇద్దరు మాత్రం తొట్టి కొలతలు అడిగి రాసుకున్నారు.

ఊరెళ్ళేటప్పుడు కింది ఇంటి అక్కకు అప్పజెప్తాం. రెండు రోజులైతే మేత అవసరమే లేదు. అంతకు మించితే వారం మాత్రల డబ్బా ఉంటుంది కదా, దాంట్లో ఏ రోజు గింజలు ఆ రోజు అరలో వేసి ఇస్తాను, మేత సీసా మాత్రం దాచేస్తాను. ప్రేమకొద్దీ ఇంకో నాలుగు వేయాలని ఎవరికైనా అనిపిస్తుంది. క్యాన్ నీళ్ళు ఎంతవరకు పోయాలో గాజు మీద గీత గీశాం. మే నెలలో అయితే ఫ్యాను స్విచ్ మీద అడ్డంగా టేపు అంటించి వెళ్తాం, ఎవరూ కరెంటు ఆదా చేయకుండా.